హైపర్‌బేరిక్ ఆక్సిజన్: ఛాంబర్ ఎంత దూరం, ఖర్చు ఎవరిది

కాలి పుండు నెలల తరబడి మానకపోయినా, క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్న కొన్నేళ్లకి దవడ ఎముక దెబ్బతిన్నా, ఉన్నట్టుండి ఒక చెవి వినిపించడం మానేసినా డాక్టర్లు హైపర్‌బేరిక్ ఆక్సిజన్ థెరపీ మాట ఎత్తుతారు. చిన్న నగరంలో ఆ మాట వినగానే కుటుంబానికి తట్టేవి రెండు ప్రశ్నలు. అది ఎక్కడ దొరుకుతుంది? ఎంత అవుతుంది? రెండూ అడగాల్సినవే. కానీ వాటికంటే ముందు తేలాల్సిన సంగతులు నాలుగు ఉన్నాయి: ఏ జబ్బుకి, ఎంత పీడనంలో, ఎంత సమయం లోపల, ఎన్ని సెషన్లు. ఇవి తేలకుండా ఛాంబర్ వెతకడం మొదలుపెడితే దగ్గర్లో ఏది కనిపిస్తే అదే చికిత్స అనిపిస్తుంది. చిన్న ఊళ్లలో మనుషులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

ఈ చికిత్సలో రోగి మూసిన ఛాంబర్‌లో ఉండి, మామూలు వాతావరణ పీడనానికి రెండు నుంచి మూడు రెట్ల పీడనంలో దాదాపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో హిమోగ్లోబిన్ మామూలు గాలితోనే ఆక్సిజన్‌తో దాదాపు నిండిపోయి ఉంటుంది. దాన్ని ఇంకా నింపడం ఛాంబర్ పని కాదు. రక్తంలోని ద్రవ భాగంలో నేరుగా కరిగే ఆక్సిజన్‌ని పెంచడం దాని పని. మామూలు గాలి పీలిస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో కరిగి ఉండేది సుమారు 0.3 మిల్లీలీటర్ల ఆక్సిజన్. మూడు అట్మాస్ఫియర్ల పీడనంలో, అంటే మామూలు వాతావరణ పీడనానికి మూడు రెట్లలో, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది దాదాపు 6 మిల్లీలీటర్లకి చేరుతుంది. ఎర్ర రక్తకణాల సాయం లేకుండానే కాసేపు ప్రాణం నిలపడానికి అది సరిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సర్జన్ ఈటె బూరెమా 1960లో ప్రచురించిన ప్రయోగంలో, ఎర్ర రక్తకణాలు దాదాపు పూర్తిగా తీసేసిన పందులు ఛాంబర్ లోపల బతికి ఉన్నాయి.

సెషన్ల సంఖ్యలో ఎందుకంత తేడా ఉంటుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. డైవింగ్ చేసినవాళ్ల ఒంట్లో గ్యాస్ బుడగలు చేరినా, కార్బన్ మోనాక్సైడ్ విషం ఎక్కినా ఆ పీడనం, ఆ ఆక్సిజన్ అప్పటికప్పుడు పని చేస్తాయి. ఒకటి నుంచి మూడు సెషన్లతో విషయం తేలిపోవచ్చు. రేడియేషన్ వల్ల ఎండిపోయిన కణజాలం సంగతి వేరు. అక్కడ కావాల్సింది కొత్త సన్నటి రక్తనాళాలు. ఛాంబర్ నుంచి బయటికి వచ్చిన కాసేపటికే అదనపు ఆక్సిజన్ తగ్గిపోతుంది, రక్తనాళాలు మాత్రం వారాల తరబడి రోజూ కాస్త కాస్తగా పెరుగుతాయి. అందుకే ఒక్కోటి గంటన్నర నుంచి రెండు గంటల సెషన్లు, వారానికి ఐదు రోజులు, మొత్తం 30 నుంచి 40 దాకా చెబుతారు. మొదటి రకం రోగికి దూరం అంటే అంబులెన్స్ ప్రయాణం. రెండో రకం రోగికి దూరం అంటే ఆరు నుంచి ఎనిమిది వారాల జీవితం.

ఏ జబ్బులకి ఇది నిజంగా చికిత్స అన్నదానికి అంతర్జాతీయంగా రెండు జాబితాలని ఎక్కువగా చూస్తారు. ఒకటి 1967లో ఏర్పడిన అండర్‌సీ అండ్ హైపర్‌బేరిక్ మెడికల్ సొసైటీది. రెండోది యూరోపియన్ కమిటీ ఫర్ హైపర్‌బేరిక్ మెడిసిన్‌ది. ఈ కమిటీ 2016లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో సమావేశమై, ఒక్కో జబ్బుకి ఆధారం ఎంత బలంగా ఉందో శ్రేణులుగా చెప్పింది. డైవింగ్ జబ్బు, రక్తంలోకి గాలి బుడగ చేరడం, కార్బన్ మోనాక్సైడ్, గ్యాస్ గ్యాంగ్రీన్, కండరాలని తినేసే ఇన్ఫెక్షన్లు, నలిగిపోయిన గాయాలు, రేడియేషన్ వల్ల ఆలస్యంగా వచ్చే హాని, మందులకి లొంగని ఎముక ఇన్ఫెక్షన్, అతుక్కోని స్కిన్ గ్రాఫ్టులు, కొన్ని రకాల మానని పుండ్లు, హఠాత్తు వినికిడి లోపం లాంటివి గుర్తింపు ఉన్నవి. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, అల్జీమర్స్, వయసు తగ్గించడం లాంటివి ఈ వరసలో లేవు. రుజువు కాని ఇలాంటి ప్రచారాలని నమ్మవద్దని అమెరికాలో మందులని, వైద్య పరికరాలని నియంత్రించే ఎఫ్‌డీఏ 2013లో ఒకసారి, 2021లో మళ్లీ ఒకసారి ప్రజలని హెచ్చరించింది. రోగి జబ్బు పేరు ఈ జాబితాల్లో ఉందా లేదా అన్నది మొదటి రోజే తేలిపోవాలి. వైద్యపరమైన ఆశ, ఇన్సూరెన్స్ డబ్బు రెండూ ముందుగా దాని మీదే ఆధారపడతాయి.

దగ్గర్లో దొరికే మెత్తటి ఛాంబర్

చిన్న నగరంలో ఆసుపత్రి ఛాంబర్ లేకపోయినా, వెల్‌నెస్ సెంటర్లలో జిప్ వేసి గాలి నింపే మెత్తటి ఛాంబర్లు కనిపిస్తాయి. ధర తక్కువ, దూరం తక్కువ, పేరు మాత్రం అదే. డాక్టరు చెప్పిన చికిత్స ఇదేననుకుని డబ్బు కట్టేవాళ్లని తప్పుపట్టలేం. కానీ ఈ రెండూ ఒకటి కావు. ఒకటి రెండోదాని చవక రకం కూడా కాదు.

లెక్క చూస్తే చాలు. మెత్తటి ఛాంబర్లు సాధారణంగా 1.3 అట్మాస్ఫియర్ల దాకా వెళ్తాయి. వాటిని నింపేది మామూలు గాలి, అంటే 21 శాతం ఆక్సిజన్. 21ని 1.3తో గుణిస్తే సుమారు 27. అంటే ఆ ఛాంబర్‌లో పడుకున్న మనిషికి అందేది, బయట కూర్చుని 27 శాతం ఆక్సిజన్ పీల్చినంత. ఆసుపత్రి వార్డులో ముక్కుకి పెట్టే మామూలు ఆక్సిజన్ ట్యూబు కూడా అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు. గాలి నుంచి ఆక్సిజన్‌ని వేరుచేసే కాన్‌సెంట్రేటర్‌తో లోపల మాస్కు పెట్టినా పీడనం 1.3 దాటదు. అండర్‌సీ సొసైటీ నిర్వచనం ప్రకారం కనీసం 1.4 అట్మాస్ఫియర్లు ఉంటేనే అది హైపర్‌బేరిక్ ఆక్సిజన్ చికిత్స. పుండ్లకీ రేడియేషన్ హానికీ ఆసుపత్రుల్లో వాడేది 2 నుంచి 2.5. ఈ మెత్తటి సంచులకి అమెరికాలో అనుమతి వచ్చింది కొండల మీద ఎత్తు వల్ల వచ్చే అస్వస్థతకి, అంతేగాని పుండ్లకి కాదు.

2001లో కెనడా పరిశోధకులు సెరెబ్రల్ పాల్సీ ఉన్న 111 మంది పిల్లలని రెండు గుంపులుగా చేసి చూశారు. ఒక గుంపుకి 1.75 అట్మాస్ఫియర్లలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చారు, ఇంకో గుంపుకి 1.3 అట్మాస్ఫియర్లలో మామూలు గాలి. రెండు గుంపులూ కొంత మెరుగయ్యాయి, కానీ రెండింటి మధ్య తేడా లేదు. దీన్ని చూపించి 1.3 కూడా పనిచేస్తుందని చెప్పేవాళ్లు ఉన్నారు. అంతకంటే సరళమైన వివరణ ఒకటుంది: పిల్లల మీద రోజూ పెరిగిన శ్రద్ధ, తల్లిదండ్రుల ఆశ, ఆ నెలల్లో సహజంగా వచ్చే ఎదుగుదల కలిసి ఆ మెరుగుదలని ఇచ్చి ఉంటాయి. తల్లిదండ్రుల తపన నిజమైనది. ఆ తపనని నెలనెలా బిల్లుగా మార్చే వ్యాపారాన్ని మాత్రం సమర్థించలేం.

గంటల పని, వారాల పని

అత్యవసర జబ్బుల్లో ఛాంబర్ దూరంగా ఉండటం అనుకున్నంత అన్యాయం కాదు, ముందు చేయాల్సింది ఊళ్లోనే చేస్తే. కార్బన్ మోనాక్సైడ్ సంగతి చూడండి. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో ఆ విషం సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపే. మూడు అట్మాస్ఫియర్ల ఛాంబర్‌లో 20 నుంచి 25 నిమిషాలు. అంటే పెద్ద లాభం మొదటి మెట్టులోనే ఉంది, అది ఏ చిన్న ఆసుపత్రిలో అయినా దొరుకుతుంది. ఛాంబర్ ఇచ్చే అదనపు మేలు తర్వాత వచ్చే జ్ఞాపకశక్తి, ఆలోచన సమస్యల విషయంలో. 2002లో వచ్చిన ఒక పేరున్న అమెరికన్ అధ్యయనంలో, 24 గంటల్లో మూడు సెషన్లు తీసుకున్నవాళ్లలో 25 శాతం మందికి ఆరు వారాల తర్వాత అలాంటి సమస్యలు కనిపించాయి, మామూలు ఆక్సిజన్ తీసుకున్నవాళ్లలో 46 శాతం మందికి. స్పృహ తప్పినవాళ్లు, గర్భిణులు, గుండె మీద ప్రభావం కనిపించినవాళ్ల విషయంలో దూరమైనా తరలించే ఆలోచన చేసేది ఇందుకే.

కండరాలని తినేసే ఇన్ఫెక్షన్‌లో వరస ఇంకా కఠినంగా ఉంటుంది. ముందు ఆపరేషన్, యాంటీబయాటిక్స్. ఛాంబర్ తర్వాతే. దూరపు ఛాంబర్ కోసం ఆపరేషన్ వాయిదా వేస్తే ప్రాణమే పోవచ్చు. డైవింగ్ జబ్బులో రోగిని విమానంలో తరలిస్తే ఎత్తు పెరిగిన కొద్దీ బుడగలు పెద్దవవుతాయి. అందుకే 300 మీటర్ల లోపు ఎగరాలి, లేదా క్యాబిన్‌లో నేల మట్టపు పీడనం ఉంచగలిగే విమానం కావాలి. దారంతా ఆక్సిజన్ మాస్కు ఉండాలి.

అన్నింటికంటే ఎక్కువగా చేయి జారిపోయేది చెవి విషయం. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే చాలామంది జలుబో, గుమిలో అనుకుని వారాలు గడిపేస్తారు. అమెరికా ఈఎన్‌టీ నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్టెరాయిడ్‌తో పాటు హైపర్‌బేరిక్ ఆక్సిజన్ ఇవ్వదలిస్తే మొదటి రెండు వారాల్లో ఇవ్వాలి, స్టెరాయిడ్‌కి లొంగనివాళ్లకి నెల లోపల. ఛాంబర్ ఉన్న ఊరికి వెళ్లడానికి ఏర్పాట్లు చేసుకోవడానికే పది రోజులు పడితే ఆ గడువు అక్కడే అయిపోతుంది. కాబట్టి వినికిడి పరీక్ష మొదటి రెండు మూడు రోజుల్లోనే చేయించి, తేదీతో సహా ఆ కాగితం చేతిలో పెట్టుకోవాలి.

పుండ్లు, రేడియేషన్ హాని ఇలాంటి తొందర ఉన్నవి కావు. వారం ఆలోచించి, నాలుగు చోట్ల అడిగి, లెక్క వేసుకుని బయల్దేరవచ్చు.

వెతకాల్సిన చోట్లు

ఛాంబర్లు నగరాల సైజుని బట్టి ఉండవు. అవి పుట్టింది సముద్రం దగ్గర. నౌకాదళ ఆసుపత్రులు, ఓడరేవులు, సముద్రంలో చమురు తీసే కంపెనీల స్థావరాలు, డైవింగ్ చేసే దీవులు వాటి పాత చిరునామాలు. కాలిన గాయాల యూనిట్లు, క్యాన్సర్ రేడియేషన్ కేంద్రాలు, డయాబెటిక్ ఫుట్ క్లినిక్‌లు కొత్త చిరునామాలు. అందువల్ల లోపలి ప్రాంతంలోని పెద్ద నగరంలో దొరకనిది, సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లో దొరకవచ్చు. జనరల్ డాక్టరుకి తెలియకపోతే ప్లాస్టిక్ సర్జన్, రేడియేషన్ ఆంకాలజిస్టు, రక్తనాళాల సర్జన్లలో ఒకరికైనా తెలిసి ఉంటుంది. వాళ్లు ఇప్పటికే అక్కడికి రోగులని పంపి ఉంటారు, ఆ అనుభవం ప్రకటన కంటే విలువైనది. డైవింగ్ కేసులకైతే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ఎమర్జెన్సీ ఫోన్ లైన్ నడుపుతుంది, పనిచేస్తున్న ఛాంబర్ ఎక్కడుందో చెప్పగలుగుతుంది.

పనిచేస్తున్న అనే మాటని తేలిగ్గా తీసుకోకూడదు. చాలా ఛాంబర్లు పగటిపూట పుండ్ల రోగులకి మాత్రమే నడుస్తాయి, రాత్రి ఎమర్జెన్సీ తీసుకోవు. ఇంకొన్ని జాబితాలో ఉంటాయి గాని మరమ్మతులో ఉంటాయి. అందుకే ఇక్కడి డాక్టరు అక్కడి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, రోగిని తీసుకుంటామని ఒప్పుకున్నాకే అంబులెన్స్ కదలాలి.

ఛాంబర్లలో రెండు రకాలు. ఒక్క మనిషి పడుకునే పారదర్శకమైన గొట్టం ఒకటి. సాధారణంగా దాన్ని మొత్తం ఆక్సిజన్‌తోనే నింపుతారు. గదిలాంటి పెద్దది రెండోది. దాన్ని గాలితో నింపి, రోగులకి మాస్కు లేదా హుడ్ ద్వారా ఆక్సిజన్ ఇస్తారు, లోపల నర్సు కూడా ఉండగలదు. మామూలు పుండుకి రెండూ సరిపోతాయి. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి, ఫిట్స్ భయం ఉన్న రోగికి రెండోదే మేలు. మూసిన గొట్టంలో ఊపిరాడదేమోనని టెన్షన్ పడేవాళ్లకి కూడా గది కొంత నయం.

చేరేముందు అక్కడివాళ్లు ఛాతీ ఎక్స్‌రే అడగాలి, చెవులు చూడాలి, వాడుతున్న మందుల పట్టీ చూడాలి, బ్లియోమైసిన్ లాంటి క్యాన్సర్ మందు ఎప్పుడైనా తీసుకున్నారా అని అడగాలి. ఊపిరితిత్తి పగిలి గాలి చేరి ఉంటే దానికి వైద్యం చేయకుండా ఛాంబర్‌లోకి పంపకూడదు. డయాబెటిస్ ఉన్నవాళ్లకి ప్రతి సెషన్ ముందు షుగర్ చూడాలి, ఎందుకంటే లోపల షుగర్ పడిపోవచ్చు. ఇవేవీ అడగకుండా డబ్బు కట్టించుకుని పడుకోబెట్టే చోటు ఎంత దగ్గరైనా, ఎంత చవకైనా వదిలేయాలి.

నిప్పు విషయంలో ఏ మినహాయింపూ ఉండకూడదు. ఆక్సిజన్ ఎక్కువున్న చోట మామూలుగా అంటుకోనివి కూడా భగ్గుమంటాయి. 1997 అక్టోబర్ 31న ఇటలీలోని మిలాన్‌లో ఒక ఆసుపత్రి ఛాంబర్‌లో మంటలు రేగి 11 మంది చనిపోయారు. 2025 జనవరి 31న అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలోని ట్రాయ్ నగరంలో ఛాంబర్‌లో చెలరేగిన మంటల్లో ఐదేళ్ల బాబు చనిపోయాడు. ఫోన్, లైటర్, చెవి మిషన్, చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్, తలకి నూనె, పెట్రోలియం జెల్లీ, సింథటిక్ బట్టలు ఏవీ లోపలికి వెళ్లకూడదు. వాళ్లు ఇచ్చిన కాటన్ బట్టలే వేసుకోవాలి. ఒంటరి గొట్టంలో అయితే రోగి మణికట్టుకి ఎర్తింగ్ పట్టీ కట్టాలి. ప్రతిసారీ ఈ తనిఖీ చేసే సిబ్బంది ఉన్నారా, అర్హత ఉన్న డాక్టరు సెషన్ జరుగుతున్నంతసేపూ దగ్గర్లో ఉంటారా అని అడగడం రోగి హక్కు.

డబ్బు ఎవరు కడతారు

ఇన్సూరెన్స్ కంపెనీలు గాని ప్రభుత్వాలు గాని హైపర్‌బేరిక్‌కి అని డబ్బు ఇవ్వవు, జబ్బుని బట్టి ఇస్తాయి. పైగా ఏ జబ్బుకి ఇస్తాయన్నది చోటుని బట్టి మారుతుంది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఇన్సూరెన్స్ అయిన మెడికేర్ 2003 నుంచి డయాబెటిక్ కాలి పుండుకి షరతులతో చెల్లిస్తోంది. ఇంగ్లాండ్‌లోని ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ డైవింగ్ జబ్బుకి, గాలి బుడగలకి ఇస్తుంది గాని డయాబెటిక్ పుండుకి మామూలుగా ఇవ్వదు. అవే అధ్యయనాలు చదివి ఇద్దరు రెండు నిర్ణయాలకి వచ్చారు. కాబట్టి క్లెయిమ్ తిరస్కరించారంటే చికిత్స పనికిరాదని అర్థం కాదు, ఆమోదించారంటే తప్పకుండా పనిచేస్తుందనీ కాదు.

మెడికేర్ షరతులు ఎక్కడి రోగికైనా తెలుసుకోదగ్గవి, ఎందుకంటే మిగతావాళ్లు అడిగేవి కూడా దాదాపు ఇలాంటివే. పుండు ఎంత తీవ్రమో చెప్పే వాగ్నర్ కొలమానంలో అది మూడో స్థాయి లేదా అంతకంటే తీవ్రంగా ఉండాలి, అంటే లోతుగా వెళ్లి ఎముక ఇన్ఫెక్షనో చీమో ఉండాలి. 30 రోజుల పాటు సరైన మామూలు చికిత్స చేసినా మానుతున్న సూచన ఉండకూడదు. మామూలు చికిత్స అంటే చచ్చిన కణజాలం తీసేయడం, పాదం మీద భారం పడకుండా చూడటం, షుగర్ అదుపు, ఇన్ఫెక్షన్‌కి మందు, రక్తప్రసరణ సరిచేయడం. ఛాంబర్ మొదలయ్యాక ప్రతి 30 రోజులకి పుండు కొలవాలి. కొలతలో మార్పు లేకపోతే చెల్లింపు ఆగిపోతుంది.

ఇక్కడ చిన్న నగరం రోగికి ఒక ఇబ్బంది ఉంది. ఆ 30 రోజుల చికిత్స జరిగే ఉంటుంది, కానీ కాగితం మీద ఉండదు. డ్రెస్సింగ్ కాంపౌండరు చేసి ఉంటాడు, పుండు ఎంత పొడవు, ఎంత వెడల్పు అని ఎవరూ రాసి ఉండరు. క్లెయిములు ఆగిపోయేది చాలాసార్లు రోగం వల్ల కాదు, ఈ ఖాళీ కాగితం వల్ల. ఛాంబర్ మాట వచ్చిన రోజు నుంచే వారానికోసారి పక్కన స్కేలు పెట్టి తేదీతో ఫోటో, కొలతలు, కాలి రక్తప్రసరణ పరీక్ష, ఎముక ఎక్స్‌రే లేదా ఎమ్మారై, మూడు నెలల షుగర్ రిపోర్టు ఒక ఫైల్‌లో చేర్చాలి. రేడియేషన్ హాని అయితే ఎప్పుడు, ఎక్కడ, ఎంత డోసు ఇచ్చారో రాసిన పాత సమ్మరీ తప్పనిసరి. రిఫరల్ ఉత్తరంలో పుండుకి ఛాంబర్ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. జబ్బు పేరు, స్థాయి, ఇప్పటిదాకా చేసినవి, ఎన్ని సెషన్లు, ఎంత పీడనం అన్నీ ఉండాలి. ముందస్తు అనుమతి రాకుండా మొదటి సెషన్‌కి వెళ్లకూడదు, అత్యవసరమైతే తప్ప. పాలసీలో ఇంకొక చోట కూడా చూడాలి: ఆసుపత్రిలో అడ్మిట్ అయితేనే చెల్లిస్తామనే నిబంధన ఉంటే, రోజూ వచ్చి వెళ్లే ఈ చికిత్సకి అది అడ్డం పడుతుంది. తిరస్కరణ వస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని, కంపెనీ డాక్టరుతో చికిత్స చేసే డాక్టరే మాట్లాడేలా చూడటం ఉత్తరాల మీద ఉత్తరాలు రాయడం కంటే మేలు.

చేతి నుంచి కట్టాల్సి వస్తే, ఒక సెషన్ ధర చూసి పోల్చడం మోసపోయే దారి. మొత్తం బిల్లులో ఛాంబర్ ఫీజు ఒక భాగమే. డాక్టరు పర్యవేక్షణ ఫీజు వేరుగా ఉందేమో, డ్రెస్సింగ్ అందులో కలిసిందో లేదో అడగాలి. తర్వాత ప్రయాణం, బస, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే జీతం. 30 సెషన్లంటే శని ఆదివారాలు కలిపి ఆరు వారాలు. మధ్యలో జలుబు చేస్తే చెవి పట్టేస్తుంది, ఆ రోజు ఛాంబర్ ఉండదు గాని బస ఖర్చు ఉంటుంది. చెవి మరీ ఇబ్బంది పెడితే కర్ణభేరిలో చిన్న ట్యూబు వేయాల్సి రావచ్చు. కొన్ని వారాల తర్వాత చాలామందికి దూరపు చూపు కొంచెం మసకబారుతుంది. అది చికిత్స ఆగాక కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో మామూలుగా సర్దుకుంటుంది కాబట్టి ఆ మధ్యలో కొత్త కళ్లజోడు కొనడం వృథా ఖర్చు.

డబ్బు కంటే పెద్ద లెక్క ఒకటుంది, దాన్ని ఎవరూ బిల్లులో రాయరు. పాదం మీద పుండు ఉన్న మనిషి రోజూ బస్సెక్కి దిగి, ఆసుపత్రి వరండాల్లో నడిచి, సాయంత్రం తిరిగి వస్తే ఆ ప్రయాణమే పుండుకి హాని చేస్తుంది. పాదం మీద భారం పడకూడదన్న అసలు నియమం దారిలోనే తప్పిపోతుంది. 2018లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఛాంబర్ గుంపులో ఉన్న 60 మందిలో 35 శాతం మంది అనుకున్న సెషన్లు పూర్తి చేయలేకపోయారు. పూర్తి చేసినవాళ్లలో కాలు పోగొట్టుకున్నవాళ్లు తక్కువే, కానీ పూర్తి చేయగలిగినవాళ్లు మొదటి నుంచీ కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా కావచ్చు. రోజూ మూడు గంటలు ప్రయాణించి సగంలో మానేసే చవక కేంద్రం కంటే, పక్కనే గది తీసుకుని వీల్‌చెయిర్‌లో వెళ్లి వచ్చే ఖరీదైన కేంద్రమే చివరికి తక్కువ ఖర్చు కావచ్చు. పెద్ద ఆసుపత్రుల్లో సోషల్ వర్కర్ ఉంటే తక్కువ ఖర్చు బసల గురించి అడగాలి, ధర్మసంస్థలు నడిపే వసతి గదులు చాలామందికి చెప్పేదాకా తెలియవు.

ఎప్పుడు ఆపాలి

అంత దూరం వెళ్లే ముందు ఆధారం ఎంత గట్టిదో కూడా తెలిసి ఉండాలి. డయాబెటిక్ పుండ్ల మీద అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. 2010లో స్వీడన్‌లో 94 మంది మీద చేసిన అధ్యయనంలో ఏడాది తర్వాత ఛాంబర్ గుంపులో 52 శాతం మందికి పుండు పూర్తిగా మానింది, మరో గుంపులో 29 శాతం మందికి. 2016లో కెనడాలో 103 మంది మీద చేసినదాంట్లో కాలు తీసే అవసరం విషయంలో తేడా కనిపించలేదు. రేడియేషన్ విషయంలోనూ అంతే. మూత్రాశయానికి కలిగిన హానికి మేలు చేస్తుందని నార్డిక్ దేశాల అధ్యయనం 2019లో చూపించింది. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం, రేడియేషన్ తీసుకున్న దవడలో పన్ను తీసే ముందు జాగ్రత్తగా ఛాంబర్‌లో ఉంచడం వల్ల ఎముక చెడిపోవడం తగ్గలేదని తేల్చింది. అంటే ఎంచి పంపిన రోగికి మేలు, అందరినీ పంపితే వృథా.

ఆ ఎంపికకి ఒక పరీక్ష ఉంది. పుండు పక్కన చర్మం మీద చిన్న సెన్సర్ అంటించి అక్కడ ఆక్సిజన్ పీడనం కొలుస్తారు. మామూలు గాలిలో అది 40 (మిల్లీమీటర్ల పాదరసం లెక్కలో) కంటే తక్కువ ఉంటే అక్కడ ఆక్సిజన్ కరువుంది. ఛాంబర్ లోపల అదే అంకె 200 దాటితే పుండు మానే అవకాశం బాగుంటుంది. దాటకపోతే రక్తనాళం మూసుకుపోయి ఉండవచ్చు, అప్పుడు ముందు కావాల్సింది రక్తనాళాల సర్జన్. ఈ పరీక్ష మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చేయించుకుంటే ఆరు వారాల బస తీసుకునే ముందే చాలావరకు తెలిసిపోతుంది. ఆ యంత్రం లేని కేంద్రాలు ఉన్నాయి, గది అద్దెకి తీసుకోకముందే ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్న ఇది.

క్లినికల్ ట్రయల్ పేరు చెప్పి డబ్బు అడిగితే అనుమానించాలి. సరైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న చికిత్సకి రోగి దగ్గర సాధారణంగా డబ్బు తీసుకోరు, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపిస్తారు, చేరేముందు సంతకం చేయించే పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉంటుంది.

ఇక ప్యాకేజీలు. నలభై సెషన్లకి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. కట్టేశాక ఆపడం కష్టం, రోగికీ, అక్కడి డాక్టరుకీ. పదేసి సెషన్లకి కట్టుకుంటూ, ప్రతి పదికీ పుండు కొలత, ఫోటో పాతవాటి పక్కన పెట్టి చూడాలి. చూసేది ఛాంబర్ నడిపేవాళ్లు ఒక్కరే కాకుండా, పంపిన సర్జన్‌కి కూడా ఆ ఫోటోలు ఫోన్‌లో పంపించి అభిప్రాయం తీసుకోవాలి. ప్యాకేజీ తప్పనిసరి అయితే మధ్యలో ఆపితే మిగిలిన సెషన్ల డబ్బు ఎంత వెనక్కి వస్తుందో రసీదు మీదే రాయించుకోవాలి. నెల గడిచినా కొలత మారకపోతే మిగిలిన డబ్బు, మిగిలిన ఓపిక రెండూ తీసుకుని రక్తప్రసరణ మళ్లీ చూపించుకోవడానికి సర్జన్ దగ్గరికి తిరిగి వెళ్లాలి.